తనిఖీ పోయింది, టైరు పెరిగింది: ఇక చూసుకోవాల్సింది మనమే

2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకు ఏటా చేయించే సేఫ్టీ తనిఖీ రద్దయింది. తనిఖీ పోయినా ఫీజు పోలేదు. ఏడున్నర డాలర్లు వేరే పేరుతో రిజిస్ట్రేషన్‌లో కలిపి కడుతూనే ఉన్నాం. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష ఇంకా ఉంది కానీ, ఆ పరీక్ష చేసేవాడు చూసేది బండి కంప్యూటర్‌ని. టైరు అరిగిందా, పగిలిందా, మడ్‌గార్డ్ దాటి బయటికొచ్చిందా అన్నది అతని పని కాదు.

అదే ఏడాది మే 3 నుంచి దిగుమతి అయ్యే ఆటో విడిభాగాల మీద అమెరికా 25 శాతం సుంకం వేసింది. ఆ జాబితాలో కార్లు, లైట్ ట్రక్కుల టైర్లు కూడా ఉన్నాయి. తర్వాత జపాన్, యూరప్‌లతో ఒప్పందాలు కుదిరి ఆ దేశాల సరుకుకు అది 15 శాతానికి దిగింది. అమెరికాకు ఎక్కువ టైర్లు పంపే థాయ్‌లాండ్ మీద మాత్రం 2021 నుంచే యాంటీ డంపింగ్ సుంకం ఉంది. కొరియా, తైవాన్‌ల మీదా అప్పుడే పడింది. చైనా టైర్ల మీద అంతకు ముందే, 2015లో. అంటే ఊరూ పేరూ లేని చవక టైరు ఈ దేశంలో ఇప్పుడు అంత చవకేమీ కాదు. ("వైజాగ్ దగ్గర ఆఫ్ రోడ్ టైర్ల ఫ్యాక్టరీ ఉందట కదా, అక్కణ్ణుంచి తెప్పించుకోలేమా?" అని ఒకాయన అడిగారు. అచ్యుతాపురంలో యొకొహామా వాళ్ల ఫ్యాక్టరీ ఉన్న మాట నిజమే. అక్కడ చేసే ఆఫ్ రోడ్ టైర్లు ట్రాక్టర్లకూ పెద్ద యంత్రాలకూ వేసేవి. మన జీపుకు పనికిరావు.)

ఈ రెండు వార్తలూ వేర్వేరు పేజీల్లో వచ్చాయి. మన ఇళ్ల ముందు డ్రైవ్‌వేలో మాత్రం రెండూ ఒకచోట కలుస్తాయి. టైరు ఖరీదు పెరిగింది, దాన్ని ఏడాదికోసారి చూసే మనిషి లేడు. సరిగ్గా ఇదే సమయంలో మన పిల్లలకూ, మనలో నలభై దాటిన పెద్ద పిల్లలకూ, 35 అంగుళాల టైర్ల మీద మోజు పెరిగింది. వీకెండ్‌లో ఫ్రిస్కోలో ఏ ఇండియన్ గ్రోసరీ ముందైనా నిలబడి చూడండి. రెండు మూడు రాంగ్లర్లు, ఒక బ్రాంకో, ఒక ఫోర్‌రన్నర్ కనిపిస్తాయి. వాటిలో ఒకటైనా నేలకు గజం ఎత్తున ఉంటుంది. దాంట్లోంచి అమ్మమ్మని దింపడానికి ఇద్దరు పట్టుకోవాలి.

నేను కూడా ఆ మోజులో పడ్డవాణ్ణే కాబట్టి ఎవర్నీ వెక్కిరించడం లేదు. 2023లో సెకండ్ హ్యాండ్‌లో ఒక నాలుగు తలుపుల రాంగ్లర్ స్పోర్ట్ ఎస్ కొన్నాను. అంతకు ముందు ఓనర్ దాన్ని మూడు అంగుళాలు లేపి, 35 టైర్లు వేసి, ముందు ఇనుప బంపరూ దాని మీద వించీ బిగించాడు. అమ్మినవాళ్లు "వేలకు వేల డాలర్ల యాక్సెసరీలు ఉచితంగా వస్తున్నాయి" అన్నారు. నేను మురిసిపోయాను. ఆ థాంక్స్‌గివింగ్‌కి అమ్మనీ, పిల్లల్నీ ఎక్కించుకుని బిగ్ బెండ్ బయల్దేరాం. ఐ-20 మీద వెదర్‌ఫర్డ్ దాటాక వంతెన అతుకు మీద చిన్న కుదుపు. అంతే, స్టీరింగ్ చేతుల్లో పిచ్చిపట్టినట్టు ఊగింది. బండి ముందు భాగమంతా అటూ ఇటూ కొట్టుకుంటోంది. 65 మీద ఉన్నాం, పక్కన పద్దెనిమిది చక్రాల లారీ. బ్రేకు గట్టిగా తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలేసి, 40కి దిగాక షోల్డర్ మీదికి తెచ్చి ఆపాను. వెనక సీట్లో అమ్మ ఏమీ అనలేదు. అదే నాకు ఇప్పటికీ గుర్తు.

జీపు వాళ్లు దీన్ని డెత్ వాబుల్ అంటారు. ముందు ఇరుసు ఒకే దిమ్మలా ఉండే బళ్లకు వచ్చే జబ్బు. మెకానిక్ చూసి చెప్పింది ఇది: ముందు ట్రాక్ బార్ బోల్టు వదులు, బాల్ జాయింట్లు అరిగిపోయాయి, రెండు టైర్లకు బ్యాలెన్స్ లేదు. బాల్ జాయింట్లు అంత తొందరగా ఎందుకు పోయాయంటే, రిమ్ములు బాగా బయటికి పొడుచుకొచ్చే రకం. బరువైన టైరు దూరంగా వేలాడుతుంటే ఆ లాగుడంతా జాయింట్ల మీదే పడుతుంది. చివర్లో టైరు పక్కన డీఓటీ అక్షరాల తర్వాత ఉన్న ఆఖరి నాలుగు అంకెలు చూపించాడు: 2316. అంటే 2016లో 23వ వారం తయారైన టైరు. ఏడేళ్ల వయసు. గ్రిప్పు చూస్తే కొత్తదే. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లు దాటిన టైరు మార్చమంటాయని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ రోజు నుంచి నేను ఎవరి బండి చూసినా ముందు చూసేది టైరుని కాదు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద అంటించి ఉండే స్టిక్కర్‌ని. దాని మీద ముఖ్యంగా చూడాల్సినవి మూడు విషయాలు. కంపెనీ ఈ బండికి లెక్కగట్టిన టైరు సైజు, దానికి పట్టాల్సిన గాలి, మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో ఆ అంకె. నా బండి మీద అది 1,050. ఒకసారి లెక్క వేయండి. మా ఐదుగురి బరువు 620. ఐస్ బాక్సు, టెంటు, సూట్‌కేసులు 150. పెద్ద టైరూ రిమ్మూ కలిపి ఒక్కోటి పాతదాని కంటే సుమారు 30 పౌండ్లు ఎక్కువ, స్టెప్నీతో ఐదు కాబట్టి ఇంకో 150. ఇనుప బంపరూ వించీ అదనంగా 180. మొత్తం 1,100. టైర్లు మార్చి, ఇనుము బిగించిన కారణానికి మా కుటుంబం ఆ బండికి బరువైపోయింది! 35 టైరు వేస్తే బండి ఎక్కువ మోస్తుందని చాలామంది అనుకుంటారు. మోసే శక్తి స్ప్రింగులది, ఇరుసులది, బ్రేకులది. టైరు పెద్దదైతే ఆ స్టిక్కర్ మీది అంకె ఒక్క పౌండు కూడా పెరగదు.

ఆ స్టిక్కర్‌కు ఎందుకంత విలువ ఇస్తున్నానో చెప్పాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి. అప్పట్లో హెచ్1బి మీద కొత్తగా దిగినవాళ్లకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ గుర్తుండే ఉంటుంది. పెద్ద కుటుంబం ఉన్న ప్రతి అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఒకటుండేది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ ఆ బండికి వచ్చే 15 అంగుళాల టైర్లను వెనక్కి పిలిచింది. అప్పటికి రోడ్ల మీద ఉన్నవే 65 లక్షల టైర్లని అంచనా. హైవే మీద వేడెక్కి టైరు పైపొర ఊడి వచ్చేది, ఆ వెంటనే ఎత్తైన బండి పల్టీ కొట్టేది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ లెక్క ప్రకారం 271 మంది పోయారు. ఆ తర్వాతి ఏడాది మరో కోటీ ముప్పై లక్షల టైర్లు మార్చేస్తామని ఫోర్డ్ ప్రకటించింది. తప్పు టైరుదా బండిదా అని రెండు కంపెనీలూ కొట్టుకుని, దాదాపు వందేళ్ల సంబంధం తెంచుకున్నాయి. ఆ తగువులో ఒక అంకె పదే పదే వినిపించింది. 26. ఎక్స్‌ప్లోరర్ టైర్లకు ఫోర్డ్ చెప్పిన గాలి 26 పీఎస్‌ఐ. 30 ఉండాలని ఫైర్‌స్టోన్ వాదన. నాలుగు పీఎస్‌ఐ తేడా!

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు ఇంకో సంగతి. అమెరికాలో గోల మొదలవడానికి ఏడాది ముందే, 1999లో, సౌదీలో ఎక్స్‌ప్లోరర్ల టైర్లను ఫోర్డ్ మార్చడం మొదలుపెట్టింది. ఆ ఎండ, ఆ వేగం, ఆ బరువు ఇక్కడి కంటే ముందే టైరు లోపాన్ని బయటపెట్టాయి. ఆ వార్త అమెరికా దాకా రావడానికి ఏడాది పట్టింది.

ఆ ప్రమాదాల తర్వాత వచ్చిన చట్టం వల్లే మన డ్యాష్‌బోర్డు మీద గాలి తగ్గితే వెలిగే పసుపు దీపం వచ్చింది. 2007 సెప్టెంబర్ నుంచి తయారైన ప్రతి చిన్న వాహనానికీ అది తప్పనిసరి. స్టిక్కర్ మీద రాసిన గాలి కంటే నాలుగో వంతు పడిపోతే వెలగాలి. పెద్ద టైర్లు వేయించుకునేవాళ్లు ఇక్కడ జాగ్రత్త. ఆ దీపానికి తెలిసింది పాత టైరు లెక్కే, కొత్త టైరు లెక్క దానికి తెలియదు. ట్రక్కు రకం టైర్లు, అంటే సైజుకు ముందు ఎల్‌టీ అని ఉండేవి, అదే సైజు కారు టైరు కంటే అదే గాలి దగ్గర తక్కువ బరువు మోస్తాయి. సరిసమానంగా మోయాలంటే గాలి పెంచాలి. సైజు కూడా మారితే లెక్క ఇంకా మారుతుంది. కాబట్టి టైరు వేసే షాపులో "మా బండి స్టిక్కర్ ఇది, ఈ కొత్త టైరుకు ఎంత గాలి పట్టాలో మీ కంపెనీ బరువుల పట్టికలో చూసి రాసివ్వండి" అని అడగండి. చూసి రాసిస్తే మంచి షాపు. "అందరికీ 35 పడతాం" అంటే ఇంకో షాపు చూసుకోండి. కొందరు సెన్సార్లు తీసేసి దీపం ఆర్పేస్తామంటారు. ఫెడరల్ చట్టం ప్రకారం షాపు వాడు ఒక భద్రతా పరికరాన్ని పనిచేయకుండా చేయకూడదు. పాత రిమ్ములోని సెన్సార్లను కొత్త రిమ్ములోకి మార్చమనండి, లేకపోతే కొత్తవి కొనండి.

ఇప్పుడు సైజు సంగతి. మా వీధిలో వరంగల్ కుర్రాడు ఒకడు ఉన్నాడు. నాలాగే రాంగ్లర్ స్పోర్ట్ ఎస్, కాకపోతే వాడిది కొత్తది. మొన్నీమధ్య వచ్చి "అన్నా, 35 ఏపిద్దునా, 37 ఏపిద్దునా?" అని అడిగాడు. 33 అనే అంకె వాడి జాబితాలోనే లేదు. నేను కాగితం తీశాను.

వాడి బండికి కంపెనీ ఇచ్చినది 245/75ఆర్17. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో. చివరిది రిమ్ము, అంగుళాల్లో. లెక్కగడితే మొత్తం ఎత్తు 31.5 అంగుళాలు. జీపు, బ్రాంకో కంపెనీలు తామే వేసే "35" టైరు 315/70ఆర్17. లెక్కకు అది 34.4 అంగుళాలే. తేడా 9 శాతం. ఈ 9 శాతం బండిలో నాలుగు చోట్ల కనిపిస్తుంది. స్పీడోమీటర్ 65 చూపిస్తుంటే మీరు నిజంగా వెళ్తున్నది 71 (కంప్యూటర్‌లో టైరు సైజు మార్చుకునే దాకా). బ్రేకు పట్టు చక్రం అంచు దగ్గరికి వచ్చేసరికి సుమారు 8 శాతం తగ్గుతుంది, పైగా తిరిగే బరువు పెరిగింది కాబట్టి ఆపడానికి ఇంకా కష్టం. ఇరుసులోని గేరు నిష్పత్తి 3.45 ఉంటే అది 3.16 అయినట్టు లెక్క, కాబట్టి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఆయాసపడుతుంది, గేర్‌బాక్సు మాటిమాటికీ కిందికి దిగుతుంది. ఇక పెట్రోలు. నా బండి గ్యాలన్‌కు 16 మైళ్లు దాటలేదు. 33కి దిగాక 19 ఇస్తోంది.

"మరి కంపెనీయే 35 వేసి అమ్ముతోంది కదన్నా?" అన్నాడు. మంచి ప్రశ్న. జవాబు కూడా అందులోనే ఉంది. 2021లో బ్రాంకోకు సాస్క్వాచ్ ప్యాకేజీ పేరుతో ఫోర్డ్ 35 టైర్లు ఇచ్చినప్పుడు, ఒట్టి టైర్లు ఇవ్వలేదు. ఇరుసు గేరును 4.7కి మార్చింది, ముందూ వెనకా లాకర్లు పెట్టింది, సస్పెన్షన్ మార్చింది, మడ్‌గార్డులు వెడల్పు చేసింది. అదే ఏడాది జీపు కూడా రూబికాన్‌కు 35 ఇచ్చింది. గేరు 4.56, ఒకటిన్నర అంగుళం ఎత్తు, చివరికి వెనక తలుపు కీలులను కూడా బలం చేసింది. బరువైన స్టెప్నీ వేలాడేది ఆ తలుపుకే మరి! ఇన్ని మార్చాక వాళ్లు కొత్త బరువు లెక్క కట్టి కొత్త స్టిక్కర్ అంటించారు. మనం షాపులో మార్చేది వాటిలో ఒక్కటి, టైరు. 35 మీద నిజంగా మనసుంటే ఆ ప్యాకేజీతో వచ్చిన బండే కొనుక్కోవడం నా దృష్టిలో చవక. టైరు ఒక్కోటి 300 నుంచి 450 డాలర్లు, అలాంటివి ఐదు. రెండు ఇరుసుల్లో గేర్లు మార్చడానికి రెండు మూడు వేలు. లిఫ్టు, అలైన్‌మెంటు, ఆ తర్వాత బాల్ జాయింట్లు. కూడుకుంటూ పోతే ప్యాకేజీ ధర దాటుతుంది, వారంటీ మాత్రం ఉండదు.

వారంటీ అన్నాను కాబట్టి ఒక మాట. "టైరు మార్చావు, నీ వారంటీ మొత్తం పోయింది" అని డీలర్ అంటే నమ్మకండి. 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం దానికి ఒప్పుకోదు. బయటి పరికరం వల్లే ఆ భాగం పాడయిందని కంపెనీ చూపించాలి. రేడియో పాడైతే టైరు మీదికి నెట్టలేరు. కానీ వీల్ బేరింగో, స్టీరింగ్ జాయింటో పోతే మాత్రం వాళ్ల వాదనలో బలం ఉంటుంది, అది కూడా నిజమే. లీజు బండి అయితే పాత టైర్లూ రిమ్ములూ గ్యారేజీలో దాచుకోండి, తిరిగి ఇచ్చేటప్పుడు అడుగుతారు. ఇన్సూరెన్స్ ఏజెంట్‌కు మార్పులన్నీ ఈమెయిల్‌లో చెప్పండి. ఫోన్లో చెప్పిన మాట క్లెయిమ్ రోజు ఎవరికీ గుర్తుండదు. విడిగా అదనపు పరికరాల కవరేజీ తీసుకోకపోతే మీ నాలుగు వేల డాలర్ల చక్రాలకు వచ్చేది నామమాత్రం.

రిమ్ముల దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు టైర్ల కంటే ఎక్కువ. రంగు చూసి కొంటారు. కుర్రాడు చూపించిన ఫొటోలో 20 అంగుళాల నల్ల రిమ్ములు, వాటి మీద 35 టైర్లు. అందంగానే ఉన్నాయి. కానీ ఆఫ్ రోడ్‌లో దెబ్బ తినాల్సింది టైరు పక్క గోడ. రిమ్ము పెరిగే కొద్దీ ఆ గోడ తగ్గిపోతుంది. రాయి తగిలితే రబ్బరు మడత పడాల్సిన చోట అల్యూమినియం పగులుతుంది. అందుకే కంపెనీలు తమ గట్టి మోడళ్లకు ఇప్పటికీ 17 అంగుళాలే ఇస్తున్నాయి. రిమ్ము వెడల్పు టైరుకు సరిపోవాలి. 285/70ఆర్17కి ఏడున్నర నుంచి తొమ్మిది అంగుళాలు. నట్ల అమరిక: ఇప్పటి రాంగ్లర్‌కు ఐదు నట్లు, ఐదు అంగుళాల వలయం మీద. టొయోటా ఫోర్‌రన్నర్‌కూ టకోమాకూ బ్రాంకోకూ ఆరు నట్లు, 139.7 మిల్లీమీటర్లు. నట్లు కలిసినంత మాత్రాన సరిపోదు, మధ్య రంధ్రం హబ్బు మీద బిగుతుగా కూర్చోవాలి. అలా కూర్చోకపోతే వణుకు వస్తుంది, ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేయించినా పోదు.

అసలు ప్రాణం ఆఫ్‌సెట్‌లో ఉంది. రిమ్ము ఎంత లోపలికి కూర్చుంటుంది, ఎంత బయటికి వస్తుంది అనేది ఆ అంకె చెబుతుంది. కొద్దిగా బయటికి వస్తేనే పెద్ద టైరు లోపల సస్పెన్షన్‌కు రాసుకోకుండా తిరుగుతుంది, అంతవరకు న్యాయమే. అంతకు మించి, చూపు కోసం బయటికి తెస్తే నా బండికి జరిగిందే జరుగుతుంది. స్పేసర్లు వేసి నెట్టుకురావడం కూడా అదే లెక్క. రిమ్ము వెనక వైపు అది మోయగల బరువు పోతపోసి ఉంటుంది. ఎస్ఏఈ జె2530 అనో, జపాన్ వాళ్ల జేడబ్ల్యూఎల్ అనో గుర్తు ఉందా చూడండి. మార్కెట్‌ప్లేస్‌లో దొరికే సగం ధర రిమ్ముల మీద చాలాసార్లు ఏ గుర్తూ ఉండదు. వాటి జోలికి పోవద్దు. టైరును రింగుతో బిగించే బీడ్‌లాక్ రిమ్ములు మన అవసరానికి ఎక్కువ. ఆ బోల్టులన్నీ మాటిమాటికీ బిగించి చూసుకునే తీరిక వారానికి ఐదు రోజులు స్క్రమ్ కాల్స్‌లో ఉండేవాడికి ఉండదు.

అసలు మనవాళ్లు వెళ్లే చోట్లు ఎలాంటివి? ప్యాడ్రే ఐలాండ్ ఇసుక తీరం, బిగ్ బెండ్ మట్టి రోడ్లు, మోయాబ్‌లో కుటుంబాలు వెళ్లే షేఫర్ దారి, కొలరాడో కొండలు. వీటికి కావాల్సింది నేల నుంచి కాస్త ఎత్తు, నాలుగు చక్రాల లాగుడు, మంచి ఆల్ టెర్రెయిన్ టైరు. ఇసుకలో కూరుకుపోయేది టైరు చిన్నదై కాదు, గాలి ఎక్కువై. 36 ఉన్న గాలిని 18కి దింపితే టైరు పొడుగ్గా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోట పంచుకుంటుంది. మన ఊళ్లో దమ్ము చేసే ట్రాక్టర్‌ను గుర్తుచేసుకోండి. బురదలో దిగబడకుండా ఇనుప కేజ్ వీల్స్ తగిలిస్తారు. పొలం పని అయ్యాక వాటితో తారు రోడ్డెక్కితే రోడ్డు పాడవుతుంది, ఊళ్లో తిట్లు పడతాయి. మనకు ఆ విప్పే పని కూడా లేదు. 80 డాలర్ల గాలి పంపు, 15 డాలర్ల గేజీ చాలు. ఇసుకలో దింపండి, తారు ఎక్కే ముందు మళ్లీ పట్టండి. పట్టకుండా 70 మీద ఇంటికి బయల్దేరితే మాత్రం అది 2000 నాటి కథే: తక్కువ గాలి, ఎక్కువ బరువు, ఎండ, వేగం.

మడ్ టెర్రెయిన్ అనే బటన్ టైర్లు రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి వద్దనే నా సలహా. రోదన చేస్తాయి, హ్యూస్టన్ వానలో తడి రోడ్డు మీద పట్టు తక్కువ. డెన్వర్ వాళ్లకు ఇంకో లెక్క ఉంది. సెప్టెంబర్ నుంచి మే దాకా ఐ-70 కొండ దారిలో మోరిసన్, డాట్‌సెరో మధ్య టైరు గాడి కనీసం అంగుళంలో పదహారింట మూడు వంతులు ఉండాలి. మూడు శిఖరాల మధ్య మంచు గుర్తు ఉన్న ఆల్ టెర్రెయిన్ టైరుకైనా అక్కడ ఆ గాడి ఉండాల్సిందే.

రాష్ట్రం మారితే రూలు మారుతుందని కూడా గుర్తుంచుకోండి. వర్జీనియా, పెన్సిల్వేనియా, నార్త్ కరోలినాల్లో తనిఖీ ఇంకా ఉంది. ముందు ఎత్తి వెనక దించే స్క్వాట్ ఫ్యాషన్‌ను నార్త్ కరోలినా 2021 డిసెంబర్ నుంచి నిషేధించింది. డాలస్‌లో వేసుకున్న టైర్లతో కేరీకి మారినవాళ్లు మొదటి తనిఖీలో ఇరుక్కోకుండా ముందే చూసుకోవాలి. యూఏఈలో అయితే అరిగిన, కాలం చెల్లిన టైర్లకు 500 దిర్హామ్‌లు, నాలుగు బ్లాక్ పాయింట్లు, వారం పాటు బండి స్వాధీనం. టెక్సాస్‌లో ఏడాదికోసారి చూసేవాడు లేడు, అక్కడ ఏ రోజైనా చూస్తారు.

ఇంటి దగ్గర తమ్ముడికో బావమరిదికో థార్ కొనిచ్చి "మంచి అల్లాయ్‌లు, పెద్ద టైర్లు వేయించుకోరా" అని డబ్బు పంపేవాళ్లు కూడా మనలో ఉన్నారు. పంపే ముందు ఒక సంగతి తెలుసుకోండి. కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తేల్చింది. అదే ఏడాది చట్ట సవరణలో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పెట్టారు. ఆ మోడల్‌కు కంపెనీయే ఇచ్చిన సైజు దాటకపోవడం క్షేమం. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాడు మొదట వెతికేది కూడా ఇదే.

కుర్రాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. మూడు వారాల తర్వాత ఫోన్. 285/70ఆర్17, అంటే లెక్కకు 32.7 అంగుళాలు, రూబికాన్‌కు కంపెనీ ఇచ్చే సైజే వేయించాడు. రిమ్ములు 17, కంపెనీవే ఉంచాడు. షాపు వాడు నాలుగే చాలన్నాడట. స్టెప్నీ పాత సైజుదే ఉంటే ఫోర్ వీల్ వేసినప్పుడు ఇరుసుల మధ్య పెనుగులాట వస్తుందని గుర్తొచ్చి ఐదోది కూడా కొన్నాడు. "అన్నా, డీఓటీ అంకె సూశ్న. ఈ ఏడాదిదే. కానీ నాలుగు ఒక వారంవి, ఒకటి ఇంకో వారంది. పర్వలేదా?"

పర్వాలేదన్నాను. వాళ్ల నాన్నగారు వచ్చే నెల వీసా మీద వస్తున్నారట. ఆయన మోకాళ్లకు ఆ ఎత్తు ఎక్కడం కష్టమని ఒక సైడ్ స్టెప్ కూడా ఆర్డర్ చేశాడు.